ఊరి కోడలికి బదిలీ ఉండదు

మూడు నిరోధ్‌లున్న ప్యాకెట్ ఒక రూపాయి. నెలకు సరిపోయే మాత్రల అట్ట ఒక రూపాయి. అత్యవసరానికి వేసుకునే మాత్ర రెండు రూపాయలు. 2011లో కేంద్రం మొదలుపెట్టిన పథకం ప్రకారం ఇవన్నీ ఆశా కార్యకర్త సంచిలో ఉండాలి. ఆమె ఇల్లిల్లూ తిరిగి ఇవ్వాలి. ఆ రూపాయీ రెండు రూపాయలూ తన శ్రమకు ఉంచుకోవాలి. అరుగు మీద నలుగురు మగవాళ్లు కూర్చున్న ఇంటికి ఆ సంచితో వెళ్లేదాకా ఇది మంచి పథకమే. "ఎట్టా వాడాలో చెప్పి పో వదినా" అని ఒకడంటాడు. మిగతా ముగ్గురూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వినట్టే ముఖం పెట్టి పక్కింటికి నడుస్తుంది. మర్నాడు ఆ ఇంట్లోనే బాలింతను చూడాలి మరి.

ఇక్కడ "వదినా" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. తెలుగు ఊళ్లో వరస లేని మనిషి ఉండదు. ఊరికి కోడలై వచ్చిన ఆడమనిషికి సగం మంది మగవాళ్లు మరుదులో బావలో అవుతారు. వదినతో పరాచికాలాడే చనువు మరిదికి ఊరే ఇచ్చింది. పెళ్లిపందిట్లోనో పండగ పూటో అది ముచ్చటగానే ఉంటుంది. రిజిస్టరు చంకన పెట్టుకుని పని మీద వచ్చిన మనిషి మీద అదే చనువు తీసుకుంటే చట్టం దాన్ని లైంగిక వేధింపు అంటుంది. ఊరి భాషలో మాత్రం అది "ఆటపట్టించడం". గట్టిగా అడ్డం తిరిగితే "అంత మాత్రానికే రోషమా, వరసైనవాడేగా" అంటారు. తప్పు చేసినవాడు ఆటకాడవుతాడు, అడ్డం తిరిగిన మనిషి గయ్యాళి అవుతుంది.

ఇదే సంచి మగ హెల్త్ అసిస్టెంట్ భుజాన ఉంటే ఈ మాట పుట్టదు. అలాగని ఆయన బతుకు పూలబాటేం కాదు. ఆయనకు తగిలే దెబ్బ వేరు, తగిలే చోటు వేరు, ఆ తర్వాత జరిగేది పూర్తిగా వేరు. ఊళ్లలో ఆరోగ్యం పని చేసేవాళ్ల మీద హింస గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఆడామగా లెక్కలు చెప్పి ఊరుకుంటాం. ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అన్న ప్రశ్న కన్నా, దెబ్బ తిన్న తర్వాత ఎవరు ఆ ఊరు వదిలి వెళ్లగలరు అన్న ప్రశ్న నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

గోడ మీద తేదీ రాసిన మనిషి

మా చిన్నప్పుడు మలేరియా వర్కర్ వచ్చేవాడు. వేలికి సూది గుచ్చి గాజుపలక మీద రక్తం చుక్క తీసుకుని, వెళ్తూ వెళ్తూ గోడ మీద తేదీ రాసేవాడు. డీడీటీ కొట్టే రోజుల్లో ప్రతి వీధిలోనూ ఒక జగడం ఖాయం. వంటింట్లోకి రానివ్వమని ఒకరు, దేవుడి గదిలో కొట్టొద్దని ఒకరు, కొత్తగా సున్నం వేసిన గోడలు మరకలవుతాయని ఇంకొకరు. మాటా మాటా పెరిగి చొక్కా పట్టుకోవడాలు, తోపులాటలు కూడా జరిగేవి. ఇదంతా వీధిలో, పదిమంది కళ్ల ముందే. సాయంత్రానికి ఊరి పెద్ద ఒకాయన సర్దిచెప్పి టీ తాగించి పంపేవాడు. మరీ ముదిరితే ఆ మనిషి వేరే ఊరికి మార్పించుకునేవాడు.

మగ వర్కర్‌ను జనం సర్కారు మనిషిగా చూస్తారు. సర్కారు మీద కోపం ఆయన వీపు మీద దిగుతుంది. దీనికి మన దేశ చరిత్రలో పెద్ద సాక్ష్యం ఎమర్జెన్సీ. 1976-77లో ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వాటిలో ఎక్కువ భాగం మగవాళ్లకు చేసిన వేసెక్టమీలే. కోటా నింపకపోతే జీతం ఆగిపోతుందన్న భయంతో ఊళ్ల మీద పడిన సిబ్బందిని చూసి జనం పొలాల్లోకి పారిపోయారు. తిరగబడ్డ చోట్లా ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్‌లో 1976 అక్టోబరులో వ్యవహారం పోలీసు కాల్పుల దాకా పోయింది.

ఆ తర్వాత జరిగింది మన కథకు ముఖ్యం. 1977 ఎన్నికల్లో ప్రభుత్వమే కూలిపోయాక మగవాడికి కత్తెర వేసే ధైర్యం మళ్లీ ఏ సర్కారూ చేయలేదు. లక్ష్యాలు మాత్రం పోలేదు, ఆడవాళ్ల మీదికి మళ్లాయి. వేసెక్టమీ స్థానంలో ట్యూబెక్టమీ వచ్చింది. ఇంటికి వెళ్లి అడగాల్సిన పని కూడా మగ వర్కర్ చేతుల్లోంచి ఏఎన్ఎం చేతికి, ఆమె నుంచి ఆశా చేతికి వచ్చింది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశంలో ఇదే ఎక్కువ. మగవాళ్లలో ఒక శాతం కూడా లేరు. కోడలికి ఆపరేషన్ అయ్యాక కడుపునొప్పి వచ్చినా, బిడ్డ దక్కకపోయినా, ఇంకో మగపిల్లాడు కావాలనిపించినా అత్త శాపనార్థాలు పెట్టేది ఆస్పత్రి గుమ్మం ముందు నిలబడి కాదు. ఆశా ఇల్లు నాలుగు గడపల అవతలే ఉంది.

ఎందుకు కోడలే కావాలి?

1977 అక్టోబరు 2న జనతా ప్రభుత్వం సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలుపెట్టినప్పుడు వెయ్యి మందికి ఒకరు చొప్పున తీసుకున్నారు. నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. అలా ఎంపికైనవాళ్లలో ఎక్కువ మంది మగవాళ్లే. తల్లీబిడ్డల ఆరోగ్యం చూడాల్సిన మనిషి వంటింటి గడప దాటి లోపలికి పోలేకపోతే ఏం లాభమన్న విమర్శ అప్పుడే వచ్చింది. పథకం మెల్లగా నీరసించింది. 2002లో ఛత్తీస్‌గఢ్ మితానిన్ పేరుతో అందరూ ఆడవాళ్లే ఉండే కార్యక్రమం తెచ్చింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ అదే దారి పట్టింది. ఆశా అంటే ఆ ఊళ్లో ఉండే ఆడమనిషే కావాలి. పెళ్లయినవారు, భర్త పోయినవారు, విడాకులైనవారు అర్హులు. వయసు 25 నుంచి 45 మధ్య ఉంటే మేలు. పెళ్లికాని పిల్లను ఎందుకు వద్దన్నారంటే, శిక్షణ ఇచ్చాక అత్తారింటికి వెళ్లిపోతుంది కాబట్టి. కోడలైతే ఎక్కడికీ పోదు.

పోదు. అదే ఆమె బలం, అదే ఆమె బందిఖానా. ఊళ్లో ఎవరి కడుపు ఎన్నో నెలో, ఎవరికి టీబీ మందులు నడుస్తున్నాయో, ఎవరి మగడు తాగొచ్చి కొడతాడో ఆమెకు తెలుసు. ఆమెను రాత్రిపూట దారిలో ఆపింది ఎవరో, ఫోన్‌లో బూతు వీడియో పంపింది ఎవరో కూడా తెలుసు. వాడి చెల్లెలి కాన్పు ఆమే చేయించి ఉంటుంది. వాడి మేనమామ వార్డు మెంబరై ఉంటాడు. ఆమె ఏ కులపు వాడలోంచి వస్తుందో, వాడిది ఏ కులమో కూడా ఈ లెక్కలో కలుస్తుంది. ఫిర్యాదు చేస్తే రేపు ఏ ముఖం పెట్టుకుని ఆ వీధిలో తిరగాలి? మగ అసిస్టెంట్‌కు డిప్యుటేషనో బదిలీనో ఉంటుంది. ఊరి కోడలికి బదిలీ ఉండదు.

భర్త లేని ఆశాల సంగతి ఇంకా కష్టం. నిబంధన వారిని చేర్చుకుని మంచి పనే చేసింది, ఎందరి ఇళ్లలోనో పొయ్యి వెలిగింది. కానీ "అడిగేవాడు లేడు" అన్న మాట మన ఊళ్లలో ఎంత ప్రమాదకరమైన మాటో వేరే చెప్పక్కర్లేదు.

తుపాకీ లెక్క, తలుపు లెక్క

2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ డైరెక్టర్ జనరల్ ప్రకటించిన గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డుల్లో భారత ఆశాల పేరుండటం మనకు గుర్తే. పది లక్షల మందికి వచ్చిన గౌరవం అది. అదే జాబితాలో ఇంకో పేరు కూడా ఉంది, మన పత్రికలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఏడాది ఫిబ్రవరి 24న అఫ్గానిస్తాన్‌లోని తఖార్, కుందుజ్ ప్రాంతాల్లో పోలియో చుక్కలు వేస్తూ తుపాకీ గుండ్లకు బలైన ఎనిమిది మంది కార్యకర్తలు. అందులో నలుగురు ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు.

తుపాకీ ముందు సరిసమానం అనిపిస్తుంది. కానీ పక్కనే ఉన్న పాకిస్తాన్‌ను చూడండి. 2012 డిసెంబరు 18న కరాచీ, పెషావర్‌లలో ఒకే రోజు అయిదుగురు మహిళా పోలియో కార్యకర్తలను కాల్చి చంపారు. 2011లో ఒసామా బిన్ లాడెన్ ఆచూకీ కోసం అమెరికా గూఢచారి సంస్థ అబోటాబాద్‌లో దొంగ టీకాల కార్యక్రమం నడిపిందన్న సంగతి బయటపడ్డాక, టీకా సంచి పట్టుకున్నవాళ్లంతా అనుమానితులయ్యారు. మరి గురి ఆడవాళ్ల మీదే ఎందుకు పడింది? మగవాడు లోపలికి అడుగుపెట్టలేని ఇళ్లలో పసిబిడ్డ నోట్లో చుక్క వేయగలిగేది ఆడమనిషే. ఆమెను ఆపితే కార్యక్రమమే ఆగుతుంది. ఆ తర్వాత కాపలాకు పోలీసులను పెట్టారు. అప్పటి నుంచి వీధిలో తుపాకీ పట్టుకుని నిలబడ్డ ఆ కానిస్టేబుళ్లు కూడా చనిపోతూ వచ్చారు.

మన దగ్గర తుపాకులు లేవు, సంతోషం. కానీ ఆ పోలిక నన్ను వదలడం లేదు. తలుపు తెరిపించగలదని ఆమెను ఎంచుకున్నాం. ఆ తలుపు మూసుకున్న తర్వాత లోపల ఏం జరుగుతుందో చూసేవాడు లేడు.

"ఎవరైనా కొట్టారా?" "లేదండీ"

ఆరోగ్య సిబ్బందిలో 8 నుంచి 38 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భౌతిక హింసకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎనిమిదికీ ముప్ఫై ఎనిమిదికీ మధ్య ఉన్న ఆ దూరమే, లెక్క ఎలా అడిగామన్న దాని మీద ఎంత ఆధారపడి ఉంటుందో చెప్పకనే చెబుతోంది. హింస మీద పరిశోధన చేసేవాళ్లందరికీ తెలిసిన విషయం ఒకటుంది. "నీ మీద హింస జరిగిందా?" అని అడిగితే ఆడవాళ్లు లేదంటారు. అదే, నిన్నెవరైనా దారి కాచారా, చెయ్యి పట్టుకున్నారా, రాత్రి పది దాటాక అవసరం లేకుండా ఫోన్ చేశారా, నీ గురించి నీ మొగుడికి చెప్పుడు మాటలు చెప్పారా అని ఒక్కొక్కటే అడిగితే జవాబులు మారిపోతాయి. హింస అనే మాట పెద్దది. రక్తం కారాలి, తల పగలాలి, అప్పుడే దానికి ఆ పేరు పెడతాం.

మగవాళ్లకు ఇందులో ఇంకో చిక్కు. తన్నులు తిన్నానని చెప్పుకుంటే పరువు పోతుంది. "మగాడివై ఉండి" అన్న మాటకు భయపడి మింగేసే దెబ్బలు వాళ్లకూ ఉంటాయి. మత్తులో ఉన్న గుంపు మధ్య ఇరుక్కుని తన్నులు తిని, మోటార్‌సైకిల్ మీంచి పడ్డానని ఇంట్లో చెప్పే మనిషి ఏ రిజిస్టరులోనూ కనపడడు. వాళ్ల గాయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ గాయాన్ని గుర్తించే వ్యవస్థ ఎంతో కొంత ఉంది. తోటి ఉద్యోగులు పీహెచ్‌సీ ముందు ధర్నా చేస్తారు, డాక్టరుగారు ఎస్సైకి ఫోన్ చేస్తారు, మర్నాడు జిల్లా పేజీలో వార్త వస్తుంది. ఆశాకు జరిగేది వార్త కాదు. వార్త అయితే ఇంకా ప్రమాదం.

ఎందుకంటే ఇల్లు ఉంది. కాన్పు నొప్పులు పగలే రావాలని లేదు. రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తే ఆమె 108లో గర్భిణితో పాటు ఎక్కాలి. కాన్పయ్యాక వాహనం తన దారిన తాను పోతుంది. ఆశాను తిరిగి ఇంటి దగ్గర దింపే ఏర్పాటు చాలాచోట్ల లేదు. ఆస్పత్రి వరండాలో తెల్లవారేదాకా కూర్చుని మొదటి బస్సుకు ఇంటికొస్తే గడపలో ఎదురయ్యే ప్రశ్న "రాత్రంతా ఎక్కడున్నావ్?". అడిగేది భర్త కావచ్చు, అత్త కావచ్చు. ఈ ప్రశ్న ఏ మగ హెల్త్ అసిస్టెంట్ భార్యా తన మొగుడిని ఇదే గొంతుతో అడగదు. అయిదో కుటుంబ ఆరోగ్య సర్వేలో 18-49 ఏళ్ల వివాహిత మహిళల్లో భర్త చేతి హింస చవిచూశామన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. ఆశాలు ఆ శాతాలకు అవతల ఎక్కడో లేరు. హింసకు గురైన స్త్రీలకు ఎలా అండగా నిలవాలో చెప్పే ప్రత్యేక కరదీపిక ఆశాల శిక్షణలో ఉంది. దాన్ని చదివి వచ్చిన మనిషే ఆ పూట ఇంట్లో దెబ్బ తిని ఉండొచ్చు.

పైవాళ్ల సంగతి ఇంకోటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక ఒకటి ప్రపంచంలో ఆరోగ్యరంగ శ్రామికుల్లో 70 శాతం ఆడవాళ్లేనని, పైకుర్చీల్లో మాత్రం మగవాళ్లే ఎక్కువని లెక్కలతో చెప్పింది. ఆ కుర్చీల నుంచి కిందికి దిగుతూ వస్తే చివరి మెట్టు మీద కనపడేది ఆశా. ఆమె చేసిన పనికి డబ్బు రావాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, యాప్‌లో ఎంట్రీ సరిగ్గా ఉందని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఆ "ఎవరో ఒకరి" స్వభావం మీద నెల రాబడి ఆధారపడినప్పుడు నోరు విప్పడం తేలిక కాదు. ఫిర్యాదు చేయబోతే నేర్పే నీతి కూడా మనకు తెలిసిందే: నోరు మంచిదైతే ఊరు మంచిది. ఈ సామెతను దెబ్బ తిన్నవాళ్లకే ఎందుకు చెబుతారో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

చట్టం ఎంత దూరం వచ్చింది?

2020 ఏప్రిల్ మొదటివారంలో ఇందోర్‌లో కోవిడ్ పనిమీద వెళ్లిన వైద్య బృందం మీద రాళ్లు పడ్డాయి. అదే రోజుల్లో బెంగళూరులో సర్వేకు వెళ్లిన ఒక ఆశా మీద దాడి జరిగింది. ఏప్రిల్ 22న కేంద్రం అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. సెప్టెంబరులో అది చట్టమైంది. దాడి చేస్తే మూడు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. తీవ్ర గాయమైతే ఏడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. బెయిలు దొరకని నేరం, ముప్ఫై రోజుల్లో దర్యాప్తు. సామాజిక ఆరోగ్య కార్యకర్త అన్న మాటను అందులో పేరుపెట్టి చేర్చారు. బాగుంది, కానీ ఆ రక్షణ అంటువ్యాధి ఉన్నన్నాళ్లే. మామూలు రోజుల్లో మిగిలేది ఉమ్మడి రాష్ట్రం 2008లో చేసిన చట్టం. అది ఆస్పత్రులు, అక్కడ పనిచేసే డాక్టర్లు, నర్సులు, పారామెడికల్ సిబ్బందిని దృష్టిలో పెట్టుకున్నది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరుపై జరిగిన అత్యాచారం, హత్య తర్వాత దేశమంతా సీసీ కెమెరాలు, డ్యూటీ గదులు, సెక్యూరిటీ గార్డుల గురించి మాట్లాడింది. మాట్లాడాల్సిందే. అయితే ఆశా పనిచేసే చోటుకు గేటు లేదు, గార్డును ఎక్కడ నిలబెడతారు?

విచిత్రమేమిటంటే, ఆమెకు అన్నిటికన్నా బాగా సరిపోయే చట్టం ఆరోగ్యశాఖది కాదు. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చినది. దానికి వేరు కూడా ఇలాంటి పల్లె కార్యకర్త బతుకులోనే ఉంది. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో 1992లో బాల్యవివాహాన్ని ఆపబోయిన భంవరీ దేవి అనే సాథిన్ మీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె కూడా సర్కారు పథకంలో ఊరి స్థాయి కార్యకర్తే. నిందితులూ ఆ ఊరివాళ్లే. 1995లో కింది కోర్టు అత్యాచారం కేసు కొట్టేసింది. ఆ కడుపుమంటలోంచి మహిళా సంఘాలు వేసిన పిటిషన్ మీద 1997 ఆగస్టులో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పేరు మన విశాఖపట్నానిది కాదు, పిటిషన్ వేసిన సంస్థది.

2013 చట్టంలో ఉద్యోగి అంటే జీతం ఉన్నా లేకపోయినా, స్వచ్ఛందంగా చేసినా ఉద్యోగే. "మీరు వాలంటీర్లు" అని ఆశాల నోరు మూయించే మాట ఇక్కడ చెల్లదు. పనిమీద వెళ్లే ప్రతి చోటూ పనిచోటే, ఇల్లు కూడా. వేధించినవాడు బయటివాడైతే, బాధితురాలు కోరితే క్రిమినల్ కేసు పెట్టడానికి యజమాని సాయపడాలి. జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి, మండల స్థాయిలో ఫిర్యాదు తీసుకునే నోడల్ అధికారి ఉండాలి. రాయలేని మనిషికి రాయడానికి సాయం చేయాలి. ఇవన్నీ చట్టం వచ్చిన పదేళ్లకు కూడా సరిగా ఏర్పడకపోవడంతో సుప్రీంకోర్టే 2024 డిసెంబరులో జిల్లా అధికారులను నియమించండి, స్థానిక కమిటీలు వేయండి అని రాష్ట్రాలకు గడువులు పెట్టింది. మీ మండలంలో ఆ నోడల్ అధికారి ఎవరని ఈ వారం ఒక్కసారి అడిగి చూడండి.

జీతం గురించిన పోరు బయటపడి చేయొచ్చు, చేశారు కూడా. తెలంగాణలో 2015లో ఆశాల సమ్మె నూరు రోజులు దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వేతనం మూడు వేల నుంచి పది వేలకు పెరిగింది. 2025 మార్చిలో అక్కడి 42 వేల పైచిలుకు ఆశాలకు గ్రాట్యుటీ, మొదటి రెండు కాన్పులకు 180 రోజుల జీతంతో కూడిన సెలవు, 62 ఏళ్ల దాకా పని అన్న నిర్ణయాలు వచ్చాయి. కాన్పు సెలవు, కాన్పులు చేయించే మనిషికి ఇరవై ఏళ్ల తర్వాత! వీటి వెనుక రోడ్డెక్కిన ఆడవాళ్ల గొంతులున్నాయి. పరాచికాల మీద, రాత్రి ఫోన్‌ల మీద, సంతకం పెట్టే చేతి మీద మాత్రం మైకు పట్టుకుని మాట్లాడటం అంత సులువు కాదు.

అందుకే వాళ్లలో వాళ్లే కొన్ని ఏర్పాట్లు చేసుకుంటారు. ఫలానా ఇంటికి పొద్దున పూటే వెళ్లడం. ఫలానా వీధికి అంగన్‌వాడీ టీచరును వెంట తీసుకుపోవడం. ఇంకో ఆశాకు ఫోన్ కలిపి, మాట్లాడుతున్నట్టు చెవి దగ్గర పెట్టుకుని సందు దాటడం. ఇథియోపియా 2003లో పల్లె ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థ మొదలుపెట్టినప్పుడు సుమారు అయిదు వేల మందికి ఇద్దరు చొప్పున ఆడవాళ్లను జీతమిచ్చి పెట్టింది. జంటగా పనిచేయడం అక్కడ వ్యవస్థలోనే ఉంది. మన దగ్గర అది ఆశాల సొంత తెలివి.

చట్టం ప్రకారం ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. బాలింత ఉన్న ఇంట్లోనే ఆశాకు అవమానం జరిగిందనుకుందాం. జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఆస్పత్రి కాన్పయితే పసిబిడ్డను చూడటానికి ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆ ఇంటికి వెళ్లాలి. మళ్లీ మూడో నెల నిండాక ఒకసారి. అంటే రాయాలా వద్దా అని ఆలోచించుకునే ఆ మూడు నెలల్లోనే అదే గడప మళ్లీ మళ్లీ ఎక్కాలి. మొదటి ఆరుసార్లూ వెళ్లి, బిడ్డ బరువు తూచి, ఫారం నింపి తెస్తే దానికి కేంద్రం ఖరారు చేసిన ప్రోత్సాహకం 250 రూపాయలు.